గువ్వలచెరువు కనుమలో కారు టైరు

రెండు చక్రాల బండికి కారు టైరు వేయకండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివే కుర్ర మెకానిక్కుల్లో ఒకరిద్దరైనా చివరిదాకా చదవకుండానే లేచిపోయి ప్రయత్నం చేస్తారని నాకు తెలుసు. ఆ వయసులో నేనూ అలాంటివాణ్నే. నేను వేశాను. వేసి, ఒక మంచి మనిషి భుజం ఎముక విరగ్గొట్టాను. మళ్లీ అదే టైరుతో, నా ముప్పై ఎనిమిదేళ్ల పనిలో నాకు అన్నిటికన్నా గర్వంగా అనిపించే పని కూడా చేశాను. రెండూ చెప్తాను.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలులో డేరాల కింద ఆఫీసులు నడుస్తున్న రోజులవి. నేను కడపలో ఒక ప్రైవేటు బస్సుల యజమాని షెడ్డులో మెకానిక్కును. ఇరవై నాలుగేళ్లుంటాయి. షెడ్డులో పెద్ద మేస్త్రీని అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. యుద్ధకాలంలో మిలిటరీ వర్కుషాపులో పనిచేసి వచ్చినవాడు. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, ఎప్పుడూ భుజం మీద ఒక నూనె గుడ్డ. పని బాగా చేస్తే ఏమీ అనేవాడు కాదు. చెడగొడితే చేతిలో పానా కింద పెట్టి, తీరిగ్గా చేతులు తుడుచుకుని, మన ముఖం కేసి చూసేవాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని అనిపించేది.

బస్సులు కాక మా షెడ్డుకు వచ్చే బండి ఒకటే ఉండేది. అది పశువుల డాక్టరుగారి మోటారు సైకిలు. యుద్ధం అయిపోయాక వేలంలో అమ్మిన మిలిటరీ బండి, ఎనుబోతంత ఉండేది. డాక్టరుగారు గోదావరి వైపు మనిషి, నాకన్నా అయిదారేళ్లు పెద్ద. నెలలో ఇరవై రోజులు ఆ బండి మీదే క్యాంపులు తిరిగేవారు. మా ఎండలు, మా మాట, మా కారం అన్నీ ఆయనకు కొత్తే. ఫిర్యాదు మాత్రం ఎన్నడూ వినలేదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే రాయచోటి అవతలి పల్లెల్లో పశువులకు ముసర రోగం తగిలింది. ఇప్పటివాళ్లు ఆ పేరు విని ఉండరు. పశువుకు నోట్లో పుండ్లు పడేవి, పారుడు పట్టేది, వారం తిరిగేలోగా పడిపోయేది. ఒక దొడ్డిలో మొదలైతే ఊరంతా ఊడ్చేసేది. రోగం రాకముందే టీకా వేస్తే పశువు నిలిచేది. కానీ ఆ టీకా మందు రైల్లో ఐసులో పెట్టి వచ్చేది. ఐసు కరిగితే మందు చచ్చిపోయినట్టే. బస్సు గువ్వలచెరువు కనుమ ఎక్కి రాయచోటి చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది. అక్కణ్నుంచి పల్లెకు ఎద్దుల బండి బాట. అందుకని తెల్లవారుతూనే మోటారు సైకిలు మీద బయలుదేరి, ఎండ ముదిరేలోగా పల్లె చేరడం ఒక్కటే దారి.

సరిగ్గా అప్పుడే ఆ బండి వెనక టైరు పగిలింది. పగలడమంటే అతుకు వేసేంత కాదు, లోపలి దారాలు బయటికి వచ్చేశాయి. ఆ కొలత టైరు కడపలో లేదు, కర్నూలులో లేదు. మద్రాసుకు రాస్తే నెల పడుతుందన్నారు.

"నాలుగు రోజుల్లో మందు వస్తుందయ్యా. ఏదైనా దారి ఉందా?" అని అడిగారు డాక్టరుగారు.

ఉస్తాద్ ఆ వారం బంధువుల పెళ్లికి కర్నూలు వెళ్లి ఉన్నాడు. షెడ్డుకు ఆ నాలుగు రోజులూ నేనే పెద్దను. ఆ మాట నా తలకు బాగా ఎక్కి ఉంది.

షెడ్డు మూలలో ఒక పాతకాలపు చిన్న కారు పడి ఉండేది. ఇంజను చచ్చి ఏళ్లయింది. పనికొచ్చేది ఏదైనా ఉంటే ఊడదీసుకోండని యజమాని ఎప్పుడో చెప్పాడు. దాని చక్రాలు సైకిలు చక్రాల్లా సన్నగా, ఎత్తుగా ఉండేవి. పోయి టైరు మీద అంకెలు తుడిచి చూశాను. పందొమ్మిది అంగుళాలు. మోటారు సైకిలు వెనక చక్రం కూడా పందొమ్మిదే! నేను చూసింది కారు వెనక తగిలించే అదనపు టైరు కాబట్టి పెద్దగా అరగలేదు కూడా.

ఎక్కించడం అంత సులభం కాలేదు. కారు టైరు అంచులో ఉండే తీగ బిగువు వేరు. టైరును ఒక పూట ఎండలో పెట్టి మెత్తబరిచి, సబ్బు నీళ్లు పూసి, నలుగురం నాలుగు ఇనుప పట్టీలతో తొడిగాం. గాలి కొడుతూ పోతే ఒక చోట అంచు కూర్చోనని మొరాయించింది. ఇంకా కొట్టాం. ఒక్కసారిగా తుపాకీ పేలినట్టు 'ఠాప్' మని చప్పుడై అంచు రిమ్ములో కూర్చుంది. అందరం షెడ్డు అరుగు మీంచి కిందికి దూకాం. తర్వాత చైను పక్క రాసుకుంటుంటే చక్రాన్ని వాషర్లు వేసి కొంచెం జరిపాను. సాయంత్రం చెన్నూరు రోడ్డు మీద నడిపి చూశాను. నున్నగా, గట్టిగా, రైలులా పోయింది. పెన్న ఏటి దాకా పోయి వచ్చి, డాక్టరుగారితో "మామూలు టైరు కన్నా బాగుంది సార్" అన్నాను.

చెన్నూరు రోడ్డు తిన్నటి రోడ్డు. ఆ సంగతి నాకు తట్టలేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున డాక్టరుగారు మందు పెట్టె వెనక కట్టుకుని బయలుదేరారు. పది గంటలకు రాయచోటి బస్సు వచ్చి స్టాండుకు పోకుండా నేరుగా మా షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు దిగి, డాక్టరుగారిని చేయి పట్టి దింపాడు. ఆయన ఎడమ చేయి పైపంచెతో మెడకు కట్టి ఉంది. చొక్కా నిండా దుమ్ము, చెంప గీరుకుపోయి నెత్తురు.

"కనుమలో మూడో మలుపు. నేను వంగుతున్నాను, అది లేస్తోంది. హ్యాండిల్ తిప్పుతున్నాను, అది తిన్నగానే పోతానంటోంది. పోయి గోడకు కొట్టుకున్నాం" అన్నారు.

పరుగెత్తి బల్ల లాగి వేశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బల్ల మీద కూర్చుని, నీళ్లు తాగి అన్నారు. "పెట్టె పగిలింది. మందంతా పోయింది. వాళ్లు పొద్దున్నుంచి పశువుల్ని తోలుకొచ్చి ఎదురు చూస్తూ నిలబడి ఉంటారయ్యా."

ఆ మాటకన్నా ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేది. భుజం ఎముక విరిగిందని ఆసుపత్రిలో తేల్చారు. ఆరు వారాలు బండి నడపకూడదు. ఇంకో విడత మందు వారం తర్వాత వస్తుంది.

మర్నాడు ఉస్తాద్ వచ్చాడు. లారీలో తెచ్చి దించిన బండి షెడ్డు మధ్యలో ఉంది. ఎవరో అప్పటికే అంతా చెప్పేశారు. పానా ఏదీ చేతిలో లేకపోయినా గుడ్డతో చేతులు తుడుచుకుని నా కేసి చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ తర్వాత ఆయన వంగి వెనక టైరు చూడడం మొదలుపెట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఈడ రా."

వెళ్లాను. టైరు నడిమి భాగం కొత్తగానే ఉంది. ఒక పక్క అంచు మాత్రం వేలెడు వెడల్పున గీరుకుపోయి ఉంది.

"మలుపులో బండి దీని మింద నిలబడినాది. అంచు మింద. సూడు," అన్నాడు. "కారు మలుపు తిరిగేటప్పుడు వొంగుతాదా?"

"వొంగదు, ఉస్తాద్."

"మరి కారు టైరుకు వొంగేది యాడ నేర్పించినావప్పా నువ్వు?"

షెడ్డులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజంతా ఆ ప్రశ్నే బుర్రలో తిరిగింది. మోటారు సైకిలు టైరు గుండ్రంగా ఉంటుంది, బండి వాలితే దాని మీద దొర్లుతుంది. కారు టైరు పలకలా ఉంటుంది. వాలిస్తే అంచు మీద నిలబడి బండిని వెనక్కి నెడుతుంది. ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి చేయి కడుక్కుని ఉస్తాద్ దగ్గరికి పోయాను.

"ఉస్తాద్, టైరు వొంగదు సరే. బండే వొంగకుండా చేస్తే?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"పక్కన ఇంకో చక్రం పెడితే? మిలిటరీలో పక్కన తొట్టి ఉండే బండ్లు ఉండేవని చెప్తివి కదా. మూడు చక్రాలైతే వొంగే పనే లేదు. డాక్టరుగారు తొట్లో కూర్చుంటారు. నేను నడుపుతా."

ఉస్తాద్ ముద్ద తిన్నాడు. నీళ్లు తాగాడు. "ఆ కారు ముందు చక్రం ఊడదీ పో," అన్నాడు.

అయిదు రోజులు ఆ షెడ్డులో నేను చేసినంత పని మళ్లీ ఎన్నడూ చేయలేదు. పాత బస్సు చట్రంలోంచి ఇనుప కమ్ములు కోశాం. పక్క వీధి కమ్మరి వాటిని వంచి ఇచ్చాడు. మూడో చక్రం ఆ చిన్న కారుదే, సీటు కూడా దానిదే. బండికి ఎడమ పక్కన బిగించిన తొట్టికి అడుగున టేకు పలకలు, చుట్టూ రేకు. మొదటిసారి నడిపితే బండి ఎడమ పక్కకే గుంజుకుపోయింది. ఉస్తాద్ రెండు పొడవాటి చెక్కలు చక్రాల పక్కన పెట్టి కొలిచి, నాలుగుసార్లు విప్పించి నాలుగుసార్లు బిగించాడు. అయిదోసారికి అది చేతులొదిలినా తిన్నగా పోయింది.

"డాక్టరును ఎక్కించే ముందర కనుమలో సూడల్ల. ఈతూరి నేనొస్తా," అన్నాడు.

తొట్టిలో ఆయన కూర్చున్నాడు. కుడి మలుపుల్లో బండి నేలకు అతుక్కున్నట్టు తిరిగింది. ఎడమ మలుపు వచ్చింది. తొట్టి చక్రం ఉన్నట్టుండి నేల వదిలి జానెడు పైకి లేచింది. "యా అల్లా!" అని ఉస్తాద్ అరిచిన అరుపు కొండకు తగిలి తిరిగి వచ్చింది. బండి ఆపాను. ఆయన దిగి, గడ్డం సరిచేసుకుని, మలుపును ఒకసారి, బండిని ఒకసారి చూశాడు.

"ఎడమ మలుపుకు నెమ్మదిగా పో. కూసున్నోడు ఎడమకు వొంగల్ల," అన్నాడు. మళ్లీ ఎక్కాడు. తర్వాతి ఎడమ మలుపులో ఆ యాభై దాటిన మనిషి సగం శరీరం తొట్టి బయటికి వాల్చాడు. చక్రం లేవలేదు. కొండ పైదాకా పోయి వచ్చాం. కిందికి దిగాక ఏమీ అనలేదు. అంటే పని బాగా జరిగినట్టే.

మందు వచ్చిన మర్నాడు తెల్లవారుతూనే బయలుదేరాం. డాక్టరుగారు కట్టు కట్టిన చేతితో తొట్టిలో కూర్చున్నారు. కాళ్ల మధ్య మందు పెట్టె, రంపపు పొట్టులో ఐసు, దాని మీద తడి గోనె సంచి.

"ఎడమ మలుపు అని నేను అరవగానే మీరు ఎడమకు వాలల్ల సార్."

"ఒక్క చేత్తోనా?"

"ఒక్క చేత్తోనే. పెట్టె మాత్రం వదలొద్దు."

ఆయన నవ్వారు. కనుమ మొదట్లోనే వేగం తగ్గించాను. మూడో మలుపు దగ్గర గోడకు ఆయన కొట్టుకున్న చోట రాళ్లు ఇంకా పడి ఉన్నాయి. ఇద్దరం చూశాం. అది కుడి మలుపు. బండి గీత గీసినట్టు తిరిగింది.

అసలు పరీక్ష ఇంకో రెండు మలుపుల తర్వాత ఎదురైంది. ఎడమ మలుపు తిరగబోతుంటే పై నుంచి కట్టెల లారీ సగం రోడ్డు ఆక్రమించి దిగుతోంది. వెడల్పుగా తిరగడానికి చోటు లేదు. లోపలి రాతి పక్కనే ఇరుగ్గా తిరగాలి.

"ఎడమ!" అని అరిచాను.

డాక్టరుగారు పెట్టెను మోకాళ్లతో బిగించి, మంచి చేత్తో కమ్మి పట్టుకుని, తల రాతి గోడకు రాసుకునేంతగా బయటికి వాలారు. తొట్టి చక్రం ఒక్క క్షణం తేలికైంది. నేలను వదల్లేదు. లారీ మా పక్క నుంచి గర్జిస్తూ దిగిపోయింది. వెనక కారు టైరు రాళ్లను గట్టిగా కరుచుకుని మమ్మల్ని పైకి నెట్టింది. కొండెక్కి చదును నేల మీదికి వచ్చాక డాక్టరుగారు ఆకాశం కేసి చూసి ఒక్క కేక పెట్టారు. మాటలేమీ లేవు, ఉత్త కేక. నేనూ పెట్టాను.

రాయచోటి దాటాక ఎండిన ఏరు అడ్డం వచ్చింది. మామూలు మోటారు సైకిలు ఆ ఇసుకలో మోకాలి లోతు దిగిపోయేది. పలకలాంటి ఆ టైరు ఇసుక మీద పీటలా కూర్చుని ఆగకుండా దాటించింది. ఇది మేం అనుకుని చేసింది కాదు. అప్పుడు మాత్రం అనుకునే చేసినట్టు గొప్పగా తలెత్తి నడిపాను.

తొమ్మిది గంటలకు పల్లె చేరాం. ఊరి ముందు మైదానం ఖాళీగా ఉంది. నలుగురైదుగురు మగవాళ్లు అరుగుల మీద కూర్చుని చూస్తున్నారు గానీ లేవలేదు. ఒకాయన మాత్రం అన్నాడు. "పోయిన వారం పొద్దన్నుంచి మిట్టమద్దేనం దాకా గొడ్లను నిలబెట్టుకోని సూస్తిమి సారూ. వొచ్చినోడు లేడు. సూదులూ వొద్దు, ఏమీ వొద్దు. పోండి."

డాక్టరుగారు కట్టు కట్టిన చేయి చూపించి చెప్పబోయారు. ఎవరూ వినేలా లేరు. పెట్టెలో ఐసు కరుగుతోంది. అప్పుడు ఒక పెద్దావిడ సందులోంచి వచ్చింది. ఆమె చేతిలో ఖాళీ పలుపు తాడు ఉంది.

"ఆ పొద్దు మీరొచ్చింటే నా ఎద్దు బతికేది," అంది. గొంతులో కోపం లేదు. "మొన్న సచ్చిపాయ. జోడీలో ఒకటే మిగిలిండాది."

దాచడం నాకు చేతకాలేదు. "అవ్వా, డాక్టరుగారి తప్పు కాదు. ఆయన బండికి పనికిరాని టైరు నేనే వేస్తి. దాంతోనే కనుమలో పడె. సెయ్యి ఇరిగె. మందు పగిలె. తప్పు నాది," అన్నాను.

అరుగుల మీద వాళ్లు మెడలు సాచారు. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత మూడు చక్రాల బండిని చూసింది.

"ఇప్పుడు ఇది కూడా నువ్వే సేసినావా?"

"నేనూ, మా ఉస్తాదూ."

"ఈతూరి పడకుండా వొచ్చినారు కదా," అంది. వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది. ఇక రాదనుకున్నాను. కాసేపటికి మిగిలిన ఒంటి ఎద్దును తోలుకుని వచ్చి డాక్టరుగారి ముందు నిలబెట్టి, దాని కొమ్ములు తనే పట్టుకుంది. "వెయ్ సామీ. ముందు దీనికి వెయ్."

మందు కలిపింది నేను. డాక్టరుగారు ఒంటి చేత్తో మొదటి సూది వేశారు. ఎద్దు ఒకసారి వీపు జలదరించి ఊరుకుంది. దాని వెనక ఒక ఆవు వచ్చింది. ఆ వెనక రెండు దూడలు. ఎప్పుడు లేచారో తెలియదు, అరుగుల మీద మనుషులు లేరు. దొడ్ల తలుపులన్నీ తెరుచుకున్నాయి. మైదానం దుమ్ముతో, మువ్వలతో, అరుపులతో నిండిపోయింది. పోండి అన్న ఆయనే పశువులను వరసలో నిలబెట్టే పని నెత్తిన వేసుకుని, దారి తప్పిన ప్రతి దూడ మీదా కేకలేస్తున్నాడు. పక్క పల్లె వాళ్లు కూడా తోలుకొచ్చారు. పెట్టెలో చివరి ఐసు ముక్క గోలీ అంత అయ్యేసరికి చివరి గేదెకు సూది పడింది. రెండు వందలకు పైగా వేశాం. డాక్టరుగారు నేల మీద చతికిలబడి, నొప్పి పుడుతున్న భుజం పట్టుకుని, ముఖమంతా నవ్వుతున్నారు. ఆ అవ్వ మా ఇద్దరికీ రాగి సంకటి, గోంగూర పచ్చడి పెట్టింది. నా తప్పు గురించి మళ్లీ ఎత్తలేదు. ఇంకో ముద్ద మాత్రం అడక్కుండానే వేసింది.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం డాక్టరుగారు షెడ్డుకు నడిచి వచ్చారు. ఆ పల్లెకు మనిషిని పంపి కబురు తెప్పించుకున్నారట.

"ఒక్క పశువు కూడా పడలేదయ్యా. చుట్టుపక్కల మూడు ఊళ్లలో పోయాయి. అక్కడ ఒక్కటీ పోలేదు."

ఉస్తాద్ ఇంజను కింద నుంచి బయటికి వచ్చాడు. "ఒకటి కూడా పడలేదా?"

"ఒకటి కూడా."

ఉస్తాద్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అలవాటు చొప్పున నేను తల దించుకున్నాను. ఆయన నా రెక్క పట్టుకుని రోడ్డు మీదికి లాక్కుపోయాడు. అప్పుడే వస్తున్న రాయచోటి బస్సును చేయి అడ్డం పెట్టి ఆపాడు. "ఏమప్పా, తెల్సునా? మావోడు కట్టిన బండి రెండు నూర్ల గొడ్లను బతికించినాది!" అని డ్రైవరుతో చెప్పాడు. ఆ వెనక పులివెందుల బస్సు వచ్చింది. దాన్నీ ఆపాడు. దాని డ్రైవరుకు చెప్పేసరికి గొడ్లు మూడు నూర్లు అయ్యాయి. బద్వేలు బస్సుకు అయిదు నూర్లు. నేను సిగ్గుతో చేయి విడిపించుకోబోతే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పదేళ్లకు సరిపడా మెచ్చుకోలు ఆ ఒక్క రోజులోనే ఖర్చు పెట్టేశాడాయన. సాయంత్రం రాజంపేట బస్సు వచ్చేసరికి గొడ్లు రెండు వేలు దాటాయి. డాక్టరుగారు పక్కనే నిలబడి, అవునవునని తల ఊపుతున్నారు.